గోదావరి దాటిన కోతి: రెండు జాతులు, కదిలే హద్దు

ఈ ఎపిసోడ్ కూడా చరిత్రే. కాకపోతే ఇందులో రాజులుండరు, తామ్రశాసనాలుండవు. కోతులుంటాయి. "హిస్టరీ ఛానల్లో కోతులేంటి సార్" అని కింద కామెంట్ పెట్టబోయేవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. తేదీలున్నాయి, హద్దులున్నాయి, వలసలున్నాయి, చట్టాలున్నాయి. చరిత్రకి ఇంకేం కావాలి?

చట్టంతో మొదలుపెడతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మీకు తెలుసు. అందులో జంతువులకి షెడ్యూళ్ళుంటాయి. మన దేశంలో ఊళ్ళల్లో కనిపించే రెండు రకాల కోతులు చాలా ఏళ్ళు ఒకే జాబితాలో, రెండో షెడ్యూల్లో ఉండేవి. 2022 డిసెంబర్లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ సవరణలో ఒక కోతిని జాబితాల్లోంచే తీసేశారు. రెండో కోతిని మొదటి షెడ్యూల్లోకి, అంటే పెద్దపులి ఉన్న జాబితాలోకి ఎక్కించారు. రెండూ మీ ఇంటి గోడ మీద కూర్చుంటే మీరు రెండింటినీ "హుష్ కోతీ" అనే అదిలిస్తారు. చట్టం మాత్రం ఒకదానికి ఏ రక్షణా లేదంటుంది, ఇంకోదాన్ని ముట్టుకుంటే జైలంటుంది.

మరి ఆ రెండూ ఎవరు?

మన తెలుగులో మామూలుగా వాడే మాటలు రెండే. కోతి, కొండముచ్చు. కొండముచ్చుతో పేచీ లేదు. నల్ల మూతి, బూడిద రంగు ఒళ్ళు, పొడుగు తోక, ఎవరైనా గుర్తుపడతారు. కోతి అనే ఒక్క మాట కింద మాత్రం మనం రెండు జాతుల్ని కలిపేశాం. ఒకటి రీసస్. ఉత్తర భారతం, నేపాల్, ఇంకా తూర్పున చైనా దాకా ఉండే కోతి. రెండోది బోనెట్ మకాక్. నేను దీన్ని దక్షిణాది కోతి అంటాను. ఎందుకంటే ఇది ప్రపంచం మొత్తమ్మీద మన దక్షిణ భారతంలోనే ఉంది. ఇక్కడ పోతే ఇంకెక్కడా ఉండదు.

గుర్తుపట్టడం సులువే. ముఖం ఎరుపుని నమ్ముకోకండి, దక్షిణాది కోతుల్లో కూడా కొన్ని ఆడవాటికి మొహం ఎర్రబడుతుంది. తోక చూడండి. దక్షిణాది కోతి తోక దాదాపు ఒంటి పొడుగంత ఉంటుంది. రీసస్ తోక పొట్టి, ఒళ్ళు పొడుగులో సగం ఉంటే ఎక్కువ. తర్వాత నడుం కింది భాగం. రీసస్‌కి అక్కడ బొచ్చు నారింజ రంగు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. ఇక తల. దక్షిణాది కోతి నడినెత్తి మీద వెంట్రుకలు సుడి తిరిగి చుట్టూ పరుచుకుని ఉంటాయి, పాపిడి తీసి టోపీ పెట్టినట్టు. అందుకే దొరలు బోనెట్ అన్నారు. ఈ జాతికి 1812లో శాస్త్రీయ నామం పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాఫ్రాయ్ సెంటిలేర్ కూడా ఆ సుడినే చూసి "రేడియేటా" అన్నాడు, కిరణాల్లా పరుచుకున్నది అని.

ఇప్పుడు హద్దు సంగతికి వస్తా. పాత జంతుశాస్త్ర పుస్తకాల్లో ఈ రెండు కోతుల మధ్య ఒక గీత ఉండేది. పడమట తపతి నది, తూర్పున గోదావరి. ఉత్తరాన రీసస్, దక్షిణాన బోనెట్. అంటే కోతుల ఉత్తరానికీ దక్షిణానికీ సరిహద్దు మన తెలుగు నేల మీదుగా పోయింది. మాది మండవల్లి. కొల్లేటి పక్కన, ఇటు కృష్ణ అటు గోదావరి, మధ్యలో మేము. 2022 ఏప్రిల్ 4కి ముందు మేం కృష్ణా జిల్లా, ఆ రోజు నుంచి ఏలూరు జిల్లా. మనుషుల హద్దు ఒక్క జీవోతో మారిపోతుంది. కోతుల హద్దు ఎట్లా మారుతుందో చూద్దాం.

1981లో జాక్ ఫూడెన్ అనే అమెరికన్, మన దేశానికి చెందిన మహబల్, సాహా అనే ఇద్దరు జంతుశాస్త్రవేత్తలు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. దాని పేరులోనే "హద్దు పునర్నిర్వచనం" అనే మాట ఉంది. ఆ గీత పుస్తకాల్లో గీసినంత సూటిగా లేదు, రెండు జాతులూ కలిసే చోట మిశ్రమ గుంపులు కూడా ఉన్నాయి అని చెప్పిన వ్యాసం అది. తర్వాత ముప్పై ఏళ్ళకి, 2011లో, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ నుంచి సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా, వాళ్ళ సహచరుడు కలిసి మళ్ళీ ఆ గీత ఎక్కడుందో వెతికారు. గీత దక్షిణానికి జరిగింది. పాత రికార్డుల్లో దక్షిణాది కోతి ఉందని రాసిన చాలా చోట్ల ఇప్పుడు రీసస్ కూర్చుని ఉంది. అప్పటికి ప్రపంచ జాబితాల్లో దక్షిణాది కోతిని "పెద్దగా ఆందోళన అక్కర్లేనిది" అని రాసేవారు. వీళ్ళు ఆ మాటకే ప్రశ్నార్థకం తగిలించి వ్యాసానికి శీర్షిక చేశారు.

ఒక కోతి ఇంకో కోతిని ఎట్లా తోసేస్తుంది? యుద్ధాలు చేస్తుందా? జవాబు కోతుల సంసారంలో ఉంది. ఆ సంసారం గురించి మనకి తెలిసిందంతా ఏళ్ళ తరబడి ఎండలో కూర్చుని నోట్సు రాసుకున్నవాళ్ళ పుణ్యం. కాబట్టి ముందు వాళ్ళ చరిత్ర.

1938లో కార్పెంటర్ అనే అమెరికన్ మన దేశం నుంచి నాలుగొందలకి పైగా రీసస్ కోతుల్ని ఓడలో తీసుకెళ్ళి పోర్టోరికో పక్కన కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలాడు. అవి అక్కడే పిల్లల్ని కన్నాయి. 1956 నుంచి ఒక్కో కోతికీ గుర్తు పెట్టి, ఎవరు ఎవరి బిడ్డో రాస్తూ వస్తున్నారు. ఇవాళ్టికీ రాస్తున్నారు. ఆ దీవిలో ఉన్న ప్రతి కోతీ మన దేశపు కోతుల మనవరాలే. జపాన్లో 1948 నుంచి ఇమానిషి, ఆయన శిష్యులు కోషిమా దీవి కోతుల్ని పేర్లు పెట్టి చూడటం మొదలుపెట్టారు. పేర్లేంటి, నెంబర్లు ఇవ్వాలి గానీ అని పాశ్చాత్యులు నవ్వారు. 1953లో ఇమో అనే పిల్లకోతి చిలగడదుంపని నీళ్ళలో కడుక్కుని తినడం మొదలుపెట్టింది. క్రమంగా తోటి పిల్లలు నేర్చుకున్నాయి, తల్లులు నేర్చుకున్నాయి. పెద్ద మగవి మాత్రం చాలావరకు నేర్చుకోలేదు. ఈ సంగతి విని మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

1961లో ఆ జపాన్ బృందమే కర్ణాటకలోని ధార్వాడ్‌కి వచ్చింది. యుకిమారు సుగియామా, యోషిబా, వాళ్ళతో మన ఎం.డి. పార్థసారథి. వాళ్ళు చూసింది కొండముచ్చుల్ని. అంతకు రెండు మూడేళ్ళ ముందు ఫిలిస్ జే అనే అమెరికన్ ఆవిడ ఉత్తరాదిలో, మధ్య భారతంలో కొండముచ్చుల్ని చూసి, ఇవి సాత్వికమైన జీవులు అని రాసింది. ధార్వాడ్‌లో సుగియామా వేరే దృశ్యం చూశాడు. బయటి నుంచి వచ్చిన మగవి గుంపు నాయకుణ్ణి తరిమేశాయి. తర్వాత కొత్త నాయకుడు గుంపులోని చంటిపిల్లల్ని చంపేశాడు. పిల్లలు పోయిన తల్లులు త్వరలోనే మళ్ళీ ఎదకొచ్చి ఆ కొత్తవాడితోనే జతకట్టాయి. ఆయన రాసినప్పుడు చాలామంది ఇదేదో రోగం, ఇరుకు వల్ల వచ్చిన పిచ్చి అన్నారు. 1971 నుంచి మౌంట్ ఆబూలో ఏటా వచ్చి కూర్చున్న సారా హర్డీ, అది పిచ్చి కాదు, లెక్క అంది. కొత్త మగవాడికి తన పిల్లలు త్వరగా పుట్టాలి, అంతే. ఆడవి కూడా ఊరుకోవు, ఒకటికి మించి మగవాటితో జతకట్టి, పిల్ల ఎవరిదో తేలకుండా చేస్తాయి అని కూడా ఆవిడే చెప్పింది. 1977లో ఆ పుస్తకం వచ్చాక జంతువుల సమాజం గురించి మాట్లాడే తీరే మారిపోయింది. ఇదంతా జరిగింది మన దేశంలో, గుళ్ళ పక్కన, చెరువు గట్ల మీద. రోజూ అరటిపండు పెట్టి దణ్ణం పెట్టేవాళ్ళం మనమే. నోట్సు రాసుకున్నది మాత్రం ఎక్కువగా వాళ్ళు. ఈ మాట కొంచెం బాధతోనే అంటున్నాను.

దక్షిణాది కోతిని మొట్టమొదట ఓపిగ్గా చూసినవాళ్ళలో పాల్ సైమండ్స్ ఒకడు, 1960ల మొదట్లో, అప్పటి మైసూరు రాష్ట్రంలో. ఆ తర్వాత రహమాన్, ఇందాక చెప్పిన పార్థసారథి కలిసి చూసి 1969లో వీటి సాంఘిక ప్రవర్తన మీద రాశారు. ఆ తర్వాత మైసూరు విశ్వవిద్యాలయంలో మేవా సింగ్, బెంగళూరులో అనింద్య సిన్హా. వీళ్ళు దశాబ్దాలు వెచ్చించారు. దశాబ్దాలు ఎందుకండీ అంటే, ఒక ఆడకోతి పుట్టి, పెరిగి, దాని కూతురు తల్లి అయ్యేదాకా చూస్తే గానీ గుంపులో ఎవరి మాట ఎందుకు చెల్లుతుందో అర్థం కాదు. మొదటి కొన్ని నెలలు కోతులు మనిషికి అలవాటు పడటానికే పోతాయి. తర్వాత మొహాలు గుర్తుపట్టడం. దీనికి చెవి చిరుగు, దానికి పెదవి మీద గాటు, ఇంకోదానికి తోక చివర విరిగింది. అప్పుడు ఒక్కో కోతినీ గడియారం పెట్టుకుని నిర్ణీత సమయం చూడాలి. మన కంటికి ఇంపుగా ఉన్న కొట్లాటలే రాసుకుంటూ పోతే లెక్క తప్పుతుంది, నిద్రపోతున్నా సరే దాన్నే చూడాలి అని 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే ఆవిడ నియమం పెట్టింది. ఇవాళ ప్రపంచమంతా అదే పాటిస్తున్నారు.

అట్లా చూస్తే తేలిందేంటి? రెండు జాతుల్లోనూ ఇల్లు ఆడవాళ్ళదే. కూతుళ్ళు పుట్టిన గుంపులోనే చచ్చేదాకా ఉంటాయి, కొడుకులు ఎదిగాక సాధారణంగా వేరే గుంపులకి పోతాయి. అంటే అందరూ ఇల్లరికం అల్లుళ్ళే. తల్లి హోదా కూతురికొస్తుంది. రీసస్‌లో ఇంకో చిత్రమైన నియమం ఉంది. అక్కచెల్లెళ్ళలో చిన్నదానిదే పైచేయి. జపాన్ కోతుల్లో ఈ సంగతి కవామురా 1958లోనే పట్టుకున్నాడు. కొట్లాట వస్తే తల్లి సాధారణంగా చిన్నదాని పక్షాన నిలబడుతుంది, దాంతో పెద్దది తగ్గుతుంది. మన ఇళ్ళల్లో ఇది తెలియనిదా?

తేడా ఎక్కడంటే, సహనంలో. బెర్నార్డ్ తియెరీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ కోతి జాతులన్నిటినీ నాలుగు మెట్ల మీద కూర్చోబెట్టాడు. మొదటి మెట్టు నియంతృత్వం, నాలుగోది బాగా సర్దుకుపోయే సమాజం. రీసస్ మొదటి మెట్టు మీద ఉంది. మన దక్షిణాది కోతి మూడో మెట్టు మీద. రీసస్ గుంపులో పెద్ద కోతి దగ్గరికొస్తే చిన్నది పళ్ళు బయటపెట్టి బిగుసుకుపోతుంది. చూసేవాళ్ళు అబ్బ, కోతి నవ్వుతోంది అని ఫోటో తీసుకుంటారు. అది నవ్వు కాదు, భయం, దణ్ణం పెట్టడం. కొట్టుకున్న తర్వాత మళ్ళీ కలిసి పేలు చూసుకోవడం వాటిలో తక్కువ, చూసుకున్నా సొంత కుటుంబంతోనే. దక్షిణాది కోతుల్లో మగవి కూడా ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి, పేలు చూసుకుంటాయి, ఎదిగిన మగవి కలిసి ఆడుకుంటాయి. కొన్ని మగవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి కూడా. చాలా కోతి జాతుల్లో ఇది అరుదు.

ఇంత మెత్తని సమాజం బందీపూర్ దగ్గర ఎట్లా మారిందో సిన్హా బృందం 2005లో రాసింది. అడవిలోంచి పోయే హైవే పక్కన, టూరిస్టులు తిండి పెట్టే చోట, అంతకు ముందు లేని రకం గుంపులు పుట్టాయి. ఒక్కటే మగకోతి, చుట్టూ ఆడవి. తిండి ఒకచోట కుప్పగా దొరికితే దాన్ని ఒక్కడే కాపలా కాయొచ్చు, మిగతావాళ్ళని తరిమేయొచ్చు. అడవంతా చెదిరి ఉన్న పండుకి అట్లా కాపలా కాయలేడు. అంటే మనం కారు అద్దం దించి విసిరిన బిస్కెట్ పాకెట్, ఆ కోతుల సంసారం తీరునే మార్చింది. అదే బందీపూర్లో ఇంకో సంగతి, 2018లో ప్రచురించారు. అక్కడి కోతులు మనిషి చేతిలో తిండి చూసి చెయ్యి చాపి అడగడం నేర్చాయి. ఒకరకంగా కూస్తూ, మన మొహం కేసి చూస్తూ, ఇస్తామా లేదా అని కనిపెడుతూ. లాక్కోవడం కాదు, అడగడం. తనవాళ్ళతో వాడే కూతని మనిషి మీద వాడి చూస్తోందన్నమాట. నాకైతే ఈ పరిశోధన చదివాక గుడి మెట్ల మీద కోతిని చూసే చూపే మారింది.

ఇక రీసస్ కథ. దాని చరిత్ర కూడా తక్కువ కష్టాలది కాదు. 1940లో రక్తంలో ఆర్‌హెచ్ గుణాన్ని లాండ్‌స్టైనర్, వీనర్ ప్రకటించారు. మన బ్లడ్ గ్రూపు పక్కన పాజిటివ్, నెగటివ్ అని రాస్తారే, ఆ ఆర్‌హెచ్ అంటే రీససే. పోలియో టీకా తయారీకి దాని మూత్రపిండాల కణాలు కావాల్సి వచ్చాయి. 1950ల చివర్లో ఏటా లక్షకు పైగా కోతులు మన దేశం నుంచి విమానాల్లో ఎగుమతి అయ్యాయి. ఆ రోజుల్లోనే, 1959లో, చార్లెస్ సౌత్‌విక్ అలీగఢ్ వైపు సిద్దిఖీ లాంటి సహచరులతో ఊరూరా తిరిగి కోతుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పిల్లకోతులు కనబడటం లేదు, ఎగుమతికి పట్టుకుపోతున్నది వాటినే అని తేల్చాడు. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతిని పూర్తిగా ఆపేసింది. ఆ తర్వాత రీసస్ మళ్ళీ పుంజుకుంది. అలా పుంజుకుని, పట్నాల్లో బతకడం నేర్చుకుని, ఇటు దక్షిణానికి జరిగింది.

మామూలుగా రీసస్ మొండిది, గుంపు పెద్దది, ఏది దొరికితే అది తింటుంది, పరిసరాలు మారినా తట్టుకుంటుంది. దక్షిణాది కోతికి రోడ్డు పక్క మర్రిచెట్టు, గుడి, చెరువు గట్టు కావాలి. మేవా సింగ్ బృందం మైసూరు చుట్టుపక్కల రోడ్ల వెంట ఏళ్ళ తరబడి లెక్కపెట్టి, 2017లో ఆ లెక్కలు బయటపెట్టింది. వాళ్ళు లెక్కపెట్టిన చోట్ల ఈ కోతుల సంఖ్య పాతికేళ్ళలో 65 శాతానికి పైగా పడిపోయింది. కర్ణాటకలో సర్వే చేసిన 90 చోట్లలో 48 శాతం చోట్ల అసలు ఒక్కటీ మిగల్లేదు. గమనించండి, ఇది రీసస్ ఇంకా చేరని మైసూరు వైపు కూడా. అక్కడ రోడ్లు వెడల్పు చేసి మర్రిచెట్లు కొట్టేశారు. గుళ్ళల్లో ఒకప్పుడు ఉన్న ఓపిక పోయింది. అంటే పైనుంచి రీసస్ తోస్తోంది, కింద నేల మనం లాగేస్తున్నాం. ఆ తర్వాతే అంతర్జాతీయ జాబితాలో దీన్ని వల్నరబుల్, అంటే ముప్పు గీత దాటిన జాతి అని మార్చారు.

కళ్ళెదుట ఎక్కువగా కనబడేది పోతుందంటే ఎవరూ నమ్మరు. కొల్లేటి వాళ్ళం మాకు ఇది కొత్త కాదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల కాలనీ చూశాడు. ఆయన్ని కేరళలో ఇందుచూడన్ అనే కలం పేరుతో ఎరుగుదురు. దాదాపు మూడు వేల గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. అప్పటి ఊరివాళ్ళనెవరినైనా ఈ పక్షులు పోతాయా అని అడిగితే నవ్వి ఉండేవాళ్ళు. 1975 నాటికల్లా ఆ కాలనీ లేదు. ఇవాళ మా పక్కన ఆటపాకలో ఇనుప స్టాండ్లు పాతి వాటిమీద గూళ్ళు కట్టుకోనిస్తే, మళ్ళీ వచ్చాయని సంతోషపడుతున్నాం.

కోతికి ఆ అదృష్టం లేదు, ఎందుకంటే గూడబాతు కొబ్బరి బొండాలు తెంపదు. రైతు కష్టాన్ని నేను తక్కువ చేయను. కొబ్బరి, అరటి, బొప్పాయి, పెరట్లో బెండ, ఏదీ మిగలదు. పెంకుటిళ్ళ వాళ్ళకైతే ఏటా పెంకులు సర్దడమే పని. చేతిలో సంచితో నడిచి వెళ్ళే ముసలావిడ మీద కోతి దూకితే, ఆవిడకి మీరు జాతుల పేర్లు చెప్పలేరు. తెలంగాణలో ఇది ఎంత పెద్ద సమస్య అయిందంటే, "కోతులు వాపస్ పోవాలె, వానలు వాపస్ రావాలె" అనేది హరితహారం నినాదమే అయింది. 2020 డిసెంబర్లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల పునరావాస కేంద్రం పెట్టి, పట్టుకొచ్చి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు. ఇది ఖర్చుతో కూడుకున్న, నెమ్మదిగా సాగే పని. అయినా నా దృష్టిలో సరైన దారి అటువైపే ఉంది.

అంత ఓపిక లేని చోట జరిగేది వేరు. మా వైపు ఒక ఊళ్ళో డబ్బులు పోగేసి కోతులు పట్టేవాణ్ణి పిలిపించారు. బోను, లోపల వేరుశనగలు. రెండు రోజుల్లో పాతిక దాకా పడ్డాయి. పట్టినవన్నీ ఆటోలో ఎక్కిస్తుంటే నేనక్కడే ఉన్నాను. "ఎక్కడ వదుల్తావయ్యా?" అని అడిగాను.

"దూరంగానండీ. అడివిలో."

"ఏ అడివి?"

"అదేనండీ, పైన. కొండలవైపు. మళ్ళీ తిరిగి రావు లెండి."

తిరిగి రావు, నిజమే. కానీ ఆ బోనులో ఏం జరిగిందో ఇప్పటిదాకా చెప్పిన కథతో కలిపి చూడండి. ముందు పడేవి తిండికి తెగించే కుర్రకోతులు, పిల్లల తల్లులు. తల్లి ఇక్కడ, చెల్లెలు అక్కడ. తరతరాలుగా ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలిసిన గుంపు ఒక్క మధ్యాహ్నంలో విడిపోతుంది. ఎక్కడో దించిన చోట వాటికి ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో తెలియదు. అడివి తెలియని ఊరి కోతి మళ్ళీ దగ్గర్లో ఉన్న ఊరే వెతుక్కుంటుంది. అలా మా సమస్య ఇంకో ఊరి సమస్య అవుతుంది. పోయిన సంవత్సరం వేరే ఊరివాళ్ళు మా వైపు ఎవరి కోతుల్ని దించి వెళ్ళారో మాకు మాత్రం ఏం తెలుసు?

పైగా జాతి చూసి వదిలేవాడెవడు? రీసస్ దక్షిణానికి రావడంలో ఇలా మనుషులు పట్టి వదలడం కూడా ఒక కారణమని పరిశోధకులు అనుమానిస్తున్నారు. నది దగ్గరే చరిత్ర ఉంది చూడండి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. రాజమండ్రి దగ్గర రైలు వంతెన 1900లో, రోడ్డు కమ్ రైలు వంతెన 1974లో వచ్చాయి. వేల ఏళ్ళు రెండు జాతుల్ని విడదీసిన గోదావరి, నా లెక్కలో, లారీ దాటడం మొదలుపెట్టిన రోజే కోతులకి హద్దుగా పనికిరాకుండా పోయింది. కోతి ఈదగలదు, వంతెన మీద నడవగలదు. కానీ పాతిక కోతుల్ని ఒకేసారి వంద కిలోమీటర్లు మోసుకెళ్ళగలిగేది ఆటో, లారీ.

ఇక్కడ కొత్త చట్టం ఇబ్బంది మళ్ళీ వస్తుంది. మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువుని అటవీ శాఖ అనుమతి లేకుండా పట్టడం నేరం. జాబితాలో లేని జంతువుని పడితే ఆ చట్టం అడ్డు రాదు. మరి బోనులో పడ్డది ఏ కోతో, పట్టేవాడికి తెలుసా? పంచాయతీకి తెలుసా? కేరళ ప్రభుత్వం, దక్షిణాది కోతిని మళ్ళీ రెండో షెడ్యూల్లోకి దించండి, మా రైతులు పడలేకపోతున్నారు అని కేంద్రాన్ని అడిగింది. 2025లో కేంద్రం ఒప్పుకోలేదు. రెండు వైపులా న్యాయం ఉంది. కానీ ఈ పోట్లాటలో కోతి పేరు సరిగ్గా చెప్పినవాళ్ళు తక్కువ.

ఒక చిన్న మాట చెప్పకుండా ఉండలేను. కాయో శాంటియాగో దీవి చెప్పాను కదా, మన రీసస్ మనవరాళ్ళున్న చోటు. 2017 సెప్టెంబర్లో మరియా అనే తుపాను ఆ దీవిలో చెట్లలో సగానికి పైగా పడగొట్టింది. నీడ కరువైంది. అంత నియంతృత్వపు కోతులు నీడ కోసం కొట్టుకు చస్తాయనుకున్నారు. అవి ఒకదాన్నొకటి సహించడం మొదలుపెట్టాయి. ఇంతకు ముందు పట్టించుకోనివాటితో కొత్తగా స్నేహం చేశాయి, ఉన్న కాస్త నీడలోనే పక్కపక్కన కూర్చున్నాయి. 2021లో ఈ సంగతి ప్రచురించారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత సంగతులు విన్నవాళ్ళకి ఇది అర్థమవుతుంది. తుపానుకి ముందు దశాబ్దాల నోట్సు ఉన్నాయి కాబట్టే, తర్వాత ఏం మారిందో చెప్పగలిగారు. మన కొల్లేటి కోతుల గురించి ఏ ఊళ్ళో ఏ ఏడు ఏ గుంపు ఉందో అట్లా వరసగా రాసిపెట్టుకునే అలవాటు మనకి లేదు.

కాబట్టి మీతో ఒక పని ఉంది. మండవల్లి, కైకలూరు, ఆకివీడు, ఏలూరు, తాడేపల్లిగూడెం, ఎక్కడివాళ్ళైనా సరే, మీ ఊరి కోతి ఫోటో ఒకటి తియ్యండి. మొహం కాదు, వెనకనుంచి, తోక మొత్తం పడేలా. దగ్గరికి వెళ్ళొద్దు, తిండి చూపించొద్దు, ఫోన్లో జూమ్ చేసుకోండి. ఊరి పేరు, తేదీ, గుంపులో సుమారు ఎన్ని ఉన్నాయి, చంటిపిల్లలు ఎన్ని, ఇవి రాసి పంపండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో కోతి తోక పొడుగా పొట్టా అని కూడా అడగండి. వచ్చినవన్నీ ఊళ్ళ వారీగా మ్యాపు మీద పెట్టి, ఈ పని మీదే ఉన్న పరిశోధకులకి పంపిద్దాం. పొట్టి తోక ఏ ఊరి దాకా వచ్చింది, పొడుగు తోక ఏ ఊళ్ళో ఇంకా ఉంది, ముందు అది చూద్దాం.

వచ్చే ఎపిసోడ్లో బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి తెచ్చిన వరదల సంగతి మాట్లాడుకుందాం.